రక్తం ఇవ్వకు బావా

బావా,

పొద్దున లేత్ మిషన్ దగ్గర నువ్వన్న మాటకి ఒళ్లు మండుతోంది. నలుగురిలో అరవలేక రాస్తున్నాను. "రేపు రక్తదానం చేస్తే వాళ్లే హెచ్ఐవీ పరీక్ష చేసి చెప్తార్రా, ఎవరికీ తెలీదు" అంటావా? బుర్రుందా? కొత్తగా అంటుకుంటే ఏ పరీక్షకీ వెంటనే దొరక్కపోవచ్చు. ఆ రక్తం ఏ పసిబిడ్డకో ఎక్కిస్తే?

నువ్వు బయట తప్పు చేసొచ్చాక పట్టుకున్న జ్వరం, దద్దుర్లు తగ్గాయని మురిసిపోకు. అవి ఏ జబ్బువైనా కావచ్చు, దీనివీ కావచ్చు. తేలేదాకా అక్క కంచంలో తిను, తప్పులేదు. పక్కలోకి మాత్రం పోకు.

రేపు ఆసుపత్రి పరీక్షల గది ముందు ఉంటాను, రా. మళ్లీ రమ్మంటే మళ్లీ వద్దాం. ఉందని తేలితే మందులున్నాయి, నేనున్నాను. ఎవరైనా చూస్తే "మా బావమరిదికి తోడొచ్చాను" అను. నా పరువు సంగతి నీకు తెలిసిందేగా, పోయేదేముంది!

నీ బావమరిది