బోర్డు కింది సగం

సుగుణా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున తెల్లాపూర్‌లో మన మనవరాలి స్కూలుకు వెళ్లాను. ఇంటివాళ్లను తరగతిలో కూర్చోబెట్టి పాఠం చూపించే రోజట. టీచరమ్మ ముంజేతి నిండా నెమలి పచ్చబొట్టు. దాచుకోకుండా చెయ్యెత్తి బోర్డు పైఅంచు దాకా రాస్తోంది.

నా పక్కన మీ చందానగర్ బడి పాత కరస్పాండెంటు కూర్చున్నాడు. ఇప్పుడు ఈ స్కూలుకు సలహాదారట.

"ఏంది సార్, గట్ల చూస్తున్నరు? టాటూ అంటే ఇప్పుడు ఆర్టు" అన్నాడు.

మీ అమ్మ నీ ముంజేతి మీద పొడిపించిన తేలు పచ్చబొట్టును "కూలోళ్ల గుర్తు" అని, పొడుగు చేతుల జాకెట్టు తొడగమన్నది ఆయనే. చెయ్యెత్తితే జాకెట్టు జారి తేలు కనిపిస్తుందని నువ్వు పద్నాలుగేళ్లు బోర్డు కింది సగంలోనే రాశావు. నీ రాత వెనక బెంచీలకు కనిపించదని హెడ్‌మిస్ట్రెస్ పోస్టు ఇవ్వనిదీ ఆయనే.

"మరి మా సుగుణ చేతి మీదున్నది ఆర్టు కాదా?" అని అడిగాను.

"నాకు యాది లేదు సార్. ఇగ పాత ముచ్చట్లెందుకు, ఛోడో!"

మతిమరుపు కూడా పెద్ద కుర్చీల వాళ్లకే అబ్బుతుంది. నాకు అన్నీ గుర్తున్నాయి. ఇంటి నిండా పుస్తకాలు పోగేసి చదివినవాణ్ణి, ఆయన ఆ మాటన్న రోజు నువ్వు ఏడుస్తూ వస్తే పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "జాకెట్టే కదా, తొడుక్కో" అన్నాను.