నువ్వు రాసిన ‘ఫ్రీ’ అన్న మాట

తిరుపతి,
ఆదివారం.

బాలచంద్రకు,

పేరుకు ముందు చిరంజీవి అని రాయడం నాకు అలవాటు. ఈసారి కలం అందుకు ఒప్పుకోలేదు. ఇక్కడ అంతా క్షేమం. నీ క్షేమం నువ్వు చూసుకోగలవు.

నీ ఉత్తరం అందింది. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని కోప్పడ్డావు. ఎత్తాలనిపించలేదు. మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి ఉంది గానీ బస్టాండు దాకా నడవగలుగుతున్నాను. నీకు పిల్లనిచ్చిన మామ గోవిందయ్య నీ మీద జాలిపడుతున్నాడని రాశావు. ఆయన్ను, ఆయన జాలిని నీ దగ్గరే ఉంచుకో.

ఇక, “రిటైరయ్యాక ఫ్రీగానే ఉన్నావు కదమ్మా, మోహన తిరిగొచ్చాక సూళ్లూరుపేటకొచ్చి దానికి బుద్ధి చెప్పు. అది అందరితో మరీ ఫ్రీగా ఉంటోంది” అని రాశావు. ఒకే మాటతో నీ తల్లిని పనిలేనిదాన్ని చేశావు, నీ పెళ్లాన్ని సిగ్గులేనిదాన్ని చేశావు. ఉద్యోగమంతా చిత్తూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. ఎవరెవరి పిల్లలకో వచ్చింది గానీ నా కొడుక్కి రాలేదు.

మన దగ్గర ఆ మాటతో ఎన్ని పనులు చేయించుకుంటారో చూడు. సబ్బులు కొంటే డబ్బా ఫ్రీ. కొండ మీద ఫ్రీ దర్శనం. కడుపు ఫ్రీ అయిందా అని డాక్టరు అడుగుతాడు. తలంటుకున్న పిల్ల జుట్టు ఫ్రీగా వదిలేస్తుంది. ఇంతవరకూ ఎవరికీ బాధ లేదు. కానీ పొద్దస్తమానం ఇంటి చాకిరీ చేసే ఆడదాన్ని ‘ఇంట్లో ఫ్రీగానే ఉంటుంది’ అనడం, ఆమె ఎవరితోనైనా నవ్వి మాట్లాడితే ‘మరీ ఫ్రీ’ అనడం, ఇవి నీలాంటివాళ్లు నేర్పిన అర్థాలు.

మొట్టమొదట ఆ ఇంగ్లీషు మాటకు ‘ప్రియమైన’ అని అర్థం. పాతకాలపు ఇళ్లలో బానిసలు ఉండేవాళ్లు, ఆ ఇంటి సొంత మనుషులూ ఉండేవాళ్లు. ప్రేమకు పాత్రులైన ఆ సొంత మనుషులను ఈ మాటతో పిలిచారు. అలా పిలవగా పిలవగా ‘బానిస కానివాళ్లు’ అన్న అర్థం స్థిరపడింది. ఫ్రెండ్ అన్న మాట దానికి తోబుట్టువు. మన ‘ప్రియ’ కూడా ఆ వేరు నుంచి వచ్చిందేనని భాషలు చదివినవాళ్లు చెబుతారు.

నువ్వు మోహనను సొంత మనిషిగా చూశావా, బానిసగా చూశావా?

పక్కింటి గురప్ప వచ్చి మీ ఫ్యాను బాగుచేశాడు. మోహన కాఫీ ఇచ్చి, ఆయన అన్న ఏదో మాటకు నవ్వింది. నువ్వు మెట్లెక్కుతూ ఆ నవ్వు విన్నావు. ఆయన ముందరే, “అందరితో శానా ఫ్రీ అయిపోతా ఉండావే” అన్నావు. ఆమె ఫోన్ లాక్కున్నావు. మర్నాటి నుంచి డ్యూటీకి పోతూ బయట తాళం వేశావు. ఆమెకు జ్వరమొచ్చి ఆసుపత్రికి పోదామంటే, “మాత్ర మింగి పండుకో, యాడికీ పోబల్లేదు” అన్నావు.

ఇవన్నీ అమ్మకెలా తెలిశాయా అనుకుంటున్నావా? నువ్వు మొదటిసారి ఫోన్ చేసి, “మోహన ఆడికేమన్నా వచ్చిందామ్మా?” అని అడిగినప్పుడు రాలేదన్నాను. అబద్ధం చెప్పాను. అప్పుడామె నా ఎదురుగా కూర్చుని గంజి తాగుతోంది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కిటికీలోంచి మూలుగు విని గురప్ప భార్య మొగుడి చేత తాళం పగలగొట్టించింది. “చేతిలో రూపాయి లేకుంటే యేమి, ఆడోళ్లకు బస్సు ఫ్రీనే కదా. ఆధార్ కార్డు తీసుకో, మీ అత్త కాడికి పో” అని బస్సెక్కించి, నాకు ఫోన్ చేసింది. నేను బస్టాండుకు పోయాను. మోహన దిగింది గానీ నా దగ్గరికి రాలేదు. దూరంగానే నిలబడి మాట్లాడింది.

“మా నాయన దగ్గరికి పోతే సర్దుకోమంటాడత్తా. మీరూ అదే అనేదుంటే ఈడ్నే చెప్పేయండి. ఇట్నుంచి ఇట్నే యాడికన్నా పోతా.”

ఒళ్లు కాలిపోతున్న పిల్ల, నిలబడలేని పిల్ల, నన్ను అలా అడిగింది. ఆమె చేతిలో సంచి తీసుకుని ఆటో ఎక్కించాను.

జ్వరం తగ్గాక నేనేమీ అడగలేదు. తనే, “కేసు పెడతానత్తా” అంది. నిన్న ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు పోయాం. ఎస్సై చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు.

“సర్దిచెప్పి పంపీకూడదామ్మా? కన్నకొడుకు మీద నువ్వే సాక్షి సంతకం పెడతావా?”

“నా కోడలు చెప్పింది రాసుకోప్పా. సంతకం యాడ పెట్టాల్నో చూపించు” అన్నాను.

చూపించాడు. పెట్టాను. బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఏడుపొచ్చింది. నిన్ను కన్నందుకు అనుకో, నీ మీద సంతకం పెట్టినందుకు అనుకో, నాకే తెలియలేదు. మోహన తన పైట చెంగు అందించింది.

స్టేషన్ నుంచి నీకు పిలుపొస్తుంది. వచ్చి జరిగింది జరిగినట్టు చెప్పు. తిరుపతి దాకా వచ్చాను కదా అని ఇంటికి మాత్రం రావద్దు. నీకు తలుపు తీయాలో వద్దో ఇక్కడ ఒక మనిషి చెప్పాలి. ఆ మనిషి నేను కాదు.

ఇట్లు,
మోహన అత్త
శకుంతలమ్మ