కాలర్ తిన్నగానే ఉంది

7 జులై 2024, ఆదివారం

నవీన్ ఈరోజు కూడా ఫోన్‌లో ఏదో ప్లేలిస్టు పట్టుకొచ్చాడు. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో కాఫీ మగ్గు, నోట్లో ‘వైబ్’. జాజ్‌ని చట్నీలా నంజుకునే రకం. సాయిదుర్గ బ్యాంకు ఆఫీసరు. మేం నలుగురం జాజ్ వినడానికి కలిసేది గోపాలపట్నంలో ఆవిడ మేడ మీద గదిలోనే. ఏం వేసినా కళ్లు మూసుకుని ‘బ్యూటిఫుల్’ అంటుంది. మిక్సీ వేసినా అంటుందేమో. ఇక గఫూర్. పాత ఊళ్లో కోట్లు కుట్టే దర్జీ. మెడలో టేపు తీయకుండానే వచ్చేస్తాడు. ఎప్పుడూ నా కుడి పక్క కుర్చీయే కావాలి. మొన్న నవీన్ అందులో కూర్చుంటే లేపి మరీ కూర్చున్నాడు. శిష్యరికం అనుకుంటున్నాడు కాబోలు. పైగా ఎవరేమన్నా అదే మాట మళ్లీ నాకు చెప్తాడు. నస.

వీళ్లా నా తోటి రసికులు. ఖర్మ.

పద్ధతి మాత్రం నేను పెట్టిందే. నెలకొకరు తమకి ప్రాణమైన రికార్డు ఇవ్వాలి. అది ఇంటింటికీ తిరుగుతుంది. విన్నవాళ్లు చీటీ రాసి కవర్లో పెట్టాలి. ఒకరి చీటీ ఒకరు చదవకూడదు. ఆదివారం అందరి ముందూ చదువుతారు, ముందు నాది. గురువులు గారు, అంటే నేను, బాగుందంటే బాగున్నట్టు. ఈ ఊళ్లో జాజ్ వినడానికి చెవులంటూ ఉంటే అవి నావే. అవీ లేకపోతే నేను ఆటోనగర్ రోలింగ్ మిల్లులో మెయింటెనెన్స్ వాణ్ని, అంతే.

ఈ నెల వంతు గఫూర్‌ది. ఆరేళ్లు వాయిదా వేసి ఇవాళ ఒప్పుకున్నాడు. ఇవ్వనీ, చూద్దాం.

9 జులై

మిల్లులో మెడికల్ చెకప్. బూత్‌లో కూర్చోబెట్టి, బీప్ వినిపిస్తే బటన్ నొక్కమన్నాడు టెక్నీషియన్. ఎడమ చెవి వినికిడి బాగా తగ్గిందట. స్పెషలిస్టుకి చూపించుకోమని కాగితం రాసిచ్చాడు. ఆ బూత్ తలుపు సరిగా పడదు. హెడ్‌ఫోన్ స్పాంజి ఊడిపోయి ఉంది. కాగితం డ్రాయర్లో పడేశాను.

ఇంటికొస్తే పైడితల్లి మూడుసార్లు పిలిచానంటుంది. ఇరవై ఆరేళ్ల కాపురంలో మా ఆవిడ ఒక్క మాటైనా గొంతు పెంచి అన్నది లేదు, అంతా గొణుగుడే. తప్పు నాదా?

11 జులై

గఫూర్ కుట్టిన కోటు వేసుకుంటే కాలర్ మళ్లీ ఒక పక్కకి పోయింది. రెండుసార్లు సరిచేయించాను, అయినా ఇంతే. కొలతలు తీయడం రాని దర్జీ.

16 జులై

రికార్డు వచ్చింది. నవీన్ గేటు దగ్గర ఇచ్చి పోయాడు. బండి ఇంజను ఆపకుండానే ఏదో అన్నాడు, మర్యాద తెలీదు. కవరు మీద ఓడ బొమ్మ, అక్షరాలు ఏ దేశానివో. పోర్టుకొచ్చిన ఓడలో వంటవాడెవరో గఫూర్ నాన్నకి ఇచ్చాడట, కోటు బాగా కుట్టినందుకు. పైగా స్టీరియో. నా అభిప్రాయం అందరికీ తెలుసు. అసలు జాజ్ మోనోలోనే ఉంది. స్టీరియో అంటే ఒకణ్ని ఎడమ చెవిలో, ఇంకొకణ్ని కుడి చెవిలో కూర్చోబెట్టే సర్కస్.

17 జులై, ఉదయం 5:40

రెండు వైపులా విన్నాను, హెడ్‌ఫోన్‌తో. స్పీకర్లు పక్కింటివాళ్లకి గొప్ప చూపించుకునేవాళ్ల కోసం.

పియానో, బేస్, డ్రమ్స్. కాసేపు వాయిస్తారు, తగ్గుతారు, పక్కకి జరిగి చోటిస్తారు. ఎవరికో. ఎవరూ రారు. నలభై నిమిషాలూ ఇదే తంతు. దీన్నా ఆరేళ్లు దాచుకున్నాడు?

చీటీ రాశాను: “ముగ్గురు మనుషులు నాలుగోవాడి కోసం ఎదురుచూస్తూ వాయించిన రికార్డు. నాలుగోవాడు రాలేదు. సగం గది ఖాళీ. ఇది ప్రాణమనుకోవాలంటే చెవులకి రుచి తెలియకుండా ఉండాలి.”

నాలుగైదుసార్లు చదువుకున్నాను. ఈమధ్య రాసినవాటిలో ఇదే బెస్టు.

21 జులై, ఆదివారం

నిన్న గిరిప్రదక్షిణ. సింహాచలం కొండ చుట్టూ నడిచొచ్చి సాయిదుర్గ కాళ్లు వాచి కూర్చుంది. నా చీటీ తనే చదివింది. మధ్యలో ఆగింది. తప్పు చదివానేమో అన్నట్టు మళ్లీ మొదట్నుంచి చదివింది. నవీన్ నోరు తెరవబోతే గఫూర్ అతని మోకాలి మీద చెయ్యి వేశాడు. ప్లేటు పాతదని, అరిగిపోయిందని, సాబ్ రాసింది కరెక్టేనని చెప్పాడు. ఇవాళ దాన్ని వెయ్యొద్దన్నాడు. మిగతా చీటీలు కూడా చదవొద్దన్నాడు.

లోపల ఎంత హాయిగా ఉందో. అందరి ముందూ ఒప్పుకున్నాడు కదా.

మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చాడు. నా కుడి పక్కకొచ్చి, రికార్డు నా సంచిలో పెట్టి, కోటు సంగతి ఎత్తాడు.

“కాలర్ తిన్నగానే ఉంది సాబ్. మీ మెడే తిరిగిపోతంది. ఎవులు మాటాడినా కుడి సెవి అటేసి ఇంటారు. మూడేళ్లనించి సూత్తన్నాను.”

ఇంకొక్కసారి వినమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. టేపు మెడలో వేసుకున్నవాడల్లా నా చెవులు కొలవనక్కర్లేదన్నాను. వీధిలో జనం తిరిగి చూసేంత గట్టిగా అన్నాను.

22 జులై

వినమంటాడట. నన్ను.

24 జులై, సాయంత్రం

రికార్డు వెనక్కి పంపేద్దామని కవరు తీస్తే చీటీలు జారిపడ్డాయి. చదవకూడదన్న రూల్ నాదే. చదివాను.

సాయిదుర్గ ఏం రాసిందంటే, ఈ శాక్సోఫోన్ ఏడవడం లేదు, ఏడుపు ఆపుకుంటోంది అని. ‘బ్యూటిఫుల్’ అన్న మాట ఎక్కడా లేదు. నవీన్ పేజీన్నర రాశాడు. ఎడమ పక్క శాక్సోఫోన్ ఒక్కటే నిలబడి కుడి పక్క ముగ్గురితోనూ మాట్లాడుతుందట, మొదటి నుంచి చివరిదాకా. వింటూ ఉండిపోయి ఆఫీసు మీటింగు ఎగ్గొట్టాడట. గఫూర్‌ది ఒక్క ముక్క, వంకర అక్షరాలతో. ఈ శాక్సోఫోన్ కోసం వాళ్ల నాన్న కుట్టుమిషన్ తొక్కడం ఆపేవాడట.

కవరు వెనక ఫోటోలో వాయించేవాళ్లు నలుగురున్నారు. వారం రోజులు నా ఇంట్లోనే ఉంది ఈ కవరు.

ముగ్గురూ కూడబలుక్కుని నా మీద నాటకం ఆడుతున్నారని అనుకోవడానికి ప్రయత్నించాను. కాసేపు కుదిరింది కూడా. తర్వాత డ్రాయర్ తీసి మిల్లులో రాసిచ్చిన ఆ కాగితం చదివాను.

గఫూర్ తన ప్రాణమైన ప్లేటుని అరిగిపోయిందన్నాడు. ఆరేళ్లు దాచి, మొదటిసారి నలుగురి ముందు పెట్టి, దాన్నే పనికిరానిదన్నాడు, నన్ను చూసి ఎవరూ నవ్వకూడదని. మూడేళ్లుగా నా కుడి పక్కన కూర్చుని, నాకు వినపడని ప్రతి మాటా మళ్లీ చెప్పాడు. నస అని రాశాను, ఇదే డైరీలో. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పైడితల్లి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి పిలుస్తోందో.

25 జులై, ఉదయం 5:40

హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నాను. ఎడమది కుడి చెవికి.

నాలుగోవాడు వచ్చాడు.

మిగతా ముగ్గురూ వెళ్లిపోయారు.