దసరాకు ఆపిన సర్వర్

రవన్నా,

బీడీ కార్ఖానాలో నువ్వు పెట్టిన సర్వర్ ఇక లేదు. పాతబడ్డ డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ తిరగకపోవచ్చు, దసరా పూజకు దాన్ని ఆపొద్దని, బొట్టు పెట్టినా నడుస్తుండగానే పెట్టమని ఏటా సేటుతో పోట్లాడేవాడివి. నువ్వు పోయాక ఇదే మొదటి దసరా. ఈసారి నేను చెప్పి చూశాను.

"నడిచే మిషన్‌కు పూజేందమ్మ? దానికి గూడ ఒక్క దినం సెలవియ్యి" అని సేటు నవ్వి ఆపించాడు. మర్నాడు స్విచ్ వేస్తే డిస్కు తిరగలేదు.

బీడీలు చుట్టేవాళ్ల లెక్కలు, అందులో మా అవ్వవి కూడా, బ్యాకప్ టేపులో భద్రంగానే ఉన్నాయి. కొత్త సర్వర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టం వేయాలో మాత్రం నేనే చెప్పాలట. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే, సర్వర్ అంటే ఏమిటో నేర్పింది నువ్వు. నీ నెట్‌వేరే వేస్తే నువ్వు రాసిన ప్రోగ్రాం ఉన్నదున్నట్టు నడుస్తుంది, కానీ చెడితే చూసేవాళ్లు నిజామాబాదులో లేరు. ఎన్‌టీ అనే కొత్త విండోస్ వేస్తే చూసే మనుషులు దొరుకుతారు, నీ ప్రోగ్రాం దాని మీద నడవదు. లినక్స్ గురించి చదివాను, ధైర్యం చాలలేదు.

"రవి ఉంటే ఏది అంటుండె బిడ్డా?" అని అడిగాడు సేటు.

"నెట్‌వేరే అంటుండె."

"మరి గదే పెడదమా?"

"రవన్న లేడు కద సేటు. ఎన్‌టీ పెట్టుండ్రి."

నువ్వు లేవన్న మాట నా నోటితో అనడం అదే మొదటిసారి.

నీ సర్వర్‌ను బల్ల కిందికి జరిపారు. దసరా బొట్టు ఇంకా దాని మీదే ఉంది.

లక్ష్మి