మాస్టారి నోట్‌బుక్

శంకర్ నగర్, రాయపూర్.

దానయ్య బావగారికి,

మీరు అచ్చువేసిన పుస్తకంలో ఆఖరి కవిత అభన్‌పూర్ మాస్టారు రాసింది కాదు. నేను రాశాను.

మంచాన పడ్డాక ఆయన తన ఛత్తీస్‌గఢీ కవితల నోట్‌బుక్ నా చేతికిచ్చి తెలుగు చేయమన్నారు. ఆయన పోయాక కూతురు చాందిని ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేది: "అంకల్, బాబూజీ నా మీద కుఛ్, ఏదైనా రాశారా?" ఆరేళ్లు ఆయనకు సేవ చేసిన పిల్ల. ముప్పై తొమ్మిది కవితల్లో తన ఊసే లేదు. ఉండబట్టలేక తన మీద నేనే ఒకటి రాసి అనువాదాల్లో కలిపేశాను. హిందీలో అర్థం చెబితే వెక్కివెక్కి ఏడ్చింది.

ఇప్పుడు తండ్రి చేతిరాతలో ఆ పేజీ కావాలట. వచ్చే నెల వర్ధంతికి ఫ్రేము కట్టిస్తుందట. గేటు చప్పుడైతే చాలు, నోట్‌బుక్ బీరువాలో దాచేస్తున్నాను.

నోట్‌బుక్ మీ ప్రెస్సులో పోయిందని తనతో ఒక్క మాట చెప్పండి. ఆలస్యం చేయకండి బావగారూ. నిన్నటి నుంచి మాస్టారి అక్షరాలు దిద్దుతున్నాను. నాలుగో కాగితానికే అచ్చం ఆయన రాతలా వచ్చేసింది.

నోట్‌బుక్ చివర ఒక పేజీ ఖాళీగా ఉంది.

మీ బావమరిది