దూడ మూతి ముళ్లు

తిరుపతి, మంగళవారం రాత్రి.

రోజంతా నిలబడి మోకాళ్లు లాగేస్తున్నాయి. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మధ్యాహ్నం కొండ దిగి, ఆరని గుండ్లతో ఒక జంట నేను పనిచేసే మ్యూజియంకి వచ్చింది. ఇనుప ముళ్లున్న పట్టీ ముందు ఆగి, భర్త బోర్డు బిగ్గరగా చదివాడు: "యుద్ధంలో సైనికులు చేతికి కట్టుకున్న ఆయుధం." పక్కన నేల తుడుస్తున్న మునెమ్మ ఫక్కున నవ్వింది.

"ఆయుధమా! అది దూడ మూతికి కట్టేది గదా సార్. పాలు తాగబోతే పొదుగుకి ముళ్లు గుచ్చుకొని తల్లే తన్నేస్తాది. మా నాయన కట్టేవాడు."

ఆ జంట నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆ బోర్డు రాసింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ముళ్లు చూసి, ఎవరినీ అడగకుండా రాశాను. ఎంతమంది బడిపిల్లలకు ఆ యుద్ధం కథ చెప్పానో!

వాళ్లు శ్రీకాళహస్తి బస్సుకు టైమైందని వెళ్లాక, ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని మునెమ్మను కాస్త కోపంగానే అడిగాను.

"నాకు సదువు రాదు గదా సార్. దూడదనే రాసిండారనుకుంటి," అంది.

తొమ్మిదేళ్లుగా రోజూ ఆ అద్దం తుడుస్తోంది, మేం ఉన్నదే రాసి ఉంటామని నమ్మి.

రేపు పొద్దున్నే ఆ బోర్డు తీసేస్తాను. అదేం పెద్ద పని కాదు. ఆ గదిలోనే ఉన్న చెక్క గిన్నెకీ, రాగి గొట్టానికీ, ఇంకా ఎన్నింటికో ఇలాగే పేర్లు పెట్టింది నేనే. మునెమ్మను వాటి ముందు నిలబెట్టి ఒక్కో బోర్డూ చదివి వినిపించాలి. దానికే ధైర్యం చాలడం లేదు.