చిత్తూరు బడిలో నా రొయ్యలు

చిత్తూరు,
ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యుడైన అన్నయ్యకు చెల్లెలు జ్ఞానాంబ నమస్కరించి రాసుకునేది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మర్యాదకు రాసే మాట అనుకునేవు, నిజంగానే బాగున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? పొద్దున్నే చన్నీళ్ళు పోసుకోవద్దని నేను చెప్పానని చెప్పు. వదినా పిల్లలూ కులాసాయేనా? కొట్లో పని మనిషి కుదిరాడా? శ్రీకాళహస్తిలో ఎండలు మండిపోతున్నాయని రాశావు. ఇక్కడా అంతే. మధ్యాహ్నం వరండాలో కాలు పెట్టలేకపోతున్నాం.

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం ఖాయం చేయకపోతే సెలవులివ్వగానే నువ్వే రైల్లో వచ్చి తీసుకుపోతాననీ, ఇక ఊరుకాని ఊళ్ళో ఒంటరిగా ఉండొద్దనీ, వదినకు తోడుగా ఇంట్లోనే ఉండిపొమ్మనీ రాశావు. దానికి జవాబు చెప్పే ముందు నా రొయ్యల సంగతి చెప్పాలి. నవ్వకు. అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ మాట దగ్గర కొంచెం గొంతు తగ్గించు. చేపల గంప వీధిలోకి వస్తేనే తలుపు మూసే మనిషి, కూతురు రొయ్యల్ని పెంచుతోందంటే ఏమైపోతుందో!

మా బడిలో ఇనుప చట్రానికి అద్దాలు బిగించిన తొట్టి ఒకటి ఉంది. అడుగున ఏటి ఇసుక పరిచి, అందులో నీటి మొక్కలు నాటి, చిన్న చిన్న చేపల్నీ, వేలి గోరంత రొయ్యల్నీ వదిలారు. పిల్లలకు ప్రకృతి పాఠం చెప్పేది దాన్ని చూపించే. నేను చేరిన రోజే మా పెద్ద టీచరమ్మ దాని ముందు నిలబెట్టి చెప్పింది. "ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చేటప్పుడు ఇది ఇట్లనే పచ్చగా ఉండాల తల్లీ. ఇది చెడిపోతే నీ పోస్టు నేను నిలపలేను. నా చేతిలో ఏమీ లేదు." ఆమె చెడ్డది కాదు, ఉన్న మాట చెప్పింది.

ఆ తొట్టికి ప్రాణం రొయ్యలే అన్నయ్యా. ఆకులకూ అద్దాలకూ పట్టే పాచిని అవే తింటాయి. చేపలు మిగిల్చిన మెతుకులు కూడా వాటికే. అవి ఉంటే నీళ్ళు తేటగా ఉంటాయి, లేకపోతే కుళ్ళు వాసన మొదలవుతుంది. ఒళ్ళంతా అద్దంలా ఉండి, కడుపులో మేత కూడా కనబడుతుంది. ముందు కాళ్ళతో ఆకును గీకి గీకి నోట్లో పెట్టుకుంటుంటే మన అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టే ఉంటుంది.

వారానికొకసారి కొంత నీరు తీసి కొత్త నీరు పోయాలి. బడి బావిలో నీళ్ళు అడుగంటి మట్టిగా వస్తున్నాయని, నేను రైలెక్కేటప్పుడు అమ్మ ఇచ్చిన రాగి బిందెను చింతపండుతో తళతళా తోమి, అందులో నీళ్ళు నిలవపెట్టి, తేరిన తరువాత పోశాను. రాగి బిందెలో నిలిచిన నీళ్ళకంటే మంచి నీళ్ళు ఉంటాయా అని నా ధీమా. మర్నాడు చూస్తే ఒక్క రొయ్య బతికి లేదు. అన్నీ తెల్లగా పాలిపోయి ఇసుక మీద పడి ఉన్నాయి. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. మా బడికి నీళ్ళు తోడే మునెమ్మ చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"రొయ్యలు సచ్చినాయని ఏడ్సే శెట్టిగారింటి బిడ్డను నేను యాడా సూడలేదు టీచరమ్మా! వండుకోనైనా తెలీదే నీకు!"

ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఆ ఆదివారం ఇద్దరం ఊరి పక్కనున్న నీవా ఏటికి పోయాం. ఏరు ఎండిపోయి గుంటలే మిగిలాయి. కొంగు నడుముకు చుట్టుకొని, మోకాలి లోతు దిగి, పాత గుడ్డతో దేవి రొయ్యల్ని పట్టాం. నీ చెల్లెల్ని నువ్వు చూసి ఉంటే గుర్తుపట్టేవాడివి కాదు. చాలా వాటిని తొట్టిలో వదిలి, మిగిలినవాటిని నాచుతో సహా మట్టి బానలో వేసి, బడి వెనక నేనుండే గది ముందు ఉంచాను. ఎండకు తొట్టిలో నీళ్ళు తగ్గాయని, మళ్ళీ అమ్మ బిందెతోనే నింపాను. మళ్ళీ చచ్చాయి. ఈసారి ఏడవలేదు, కోపం వచ్చింది.

పెద్ద టీచరమ్మ చూసి నిట్టూర్చింది. మునెమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఎందుకింత అగసాట్లు? ఆయమ్మ వచ్చే దినానికి కొత్త నాచు పెరుక్కొచ్చి గుచ్చేస్తాము, నాలుగు రొయ్యలు ఏస్తాము. ఒక పూట బతికితే సాలు గదా. ఎవురు సూడొచ్చినారు?" నా మేలు కోరే చెప్పింది. కానీ అలా నిలబెట్టుకున్న ఉద్యోగంలో రేపు పిల్లల మొహాలు ఎలా చూడను? వద్దన్నాను.

మట్టి బానలో రొయ్యలు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇసుక అదే, నాచు అదే, బావి అదే. బానలోకి నీళ్ళు మునెమ్మ మట్టి కుండతో పోసింది, తొట్టిలోకి నేను రాగి బిందెతో పోశాను. అంతకు మించి తేడా లేదు. అనుమానం తీర్చుకోవాలని బానలోంచి ఒకదాన్ని తీసి బిందె నీళ్ళలో వదిలాను. మధ్యాహ్నానికి పోయింది. ఆ పాపం నాదే. అమ్మ మాత్రం బిందెను ఏమీ అనుకోవద్దు. మనకు మంచిదే, నేను రోజూ ఆ నీళ్ళే తాగుతున్నాను. రొయ్యలకు పడదు, అంతే.

తరువాత తొట్టి మొత్తం ఖాళీ చేశాం. పెద్ద తరగతి పిల్లలూ నేనూ ఇసుకను పదే పదే కడిగి, మొక్కల్ని వేళ్ళు తెగకుండా మళ్ళీ నాటి, మట్టి కుండల్లో తేరిన నీళ్ళే పోశాం. పడమటి ఎండ తగలకుండా కిటికీకి తడి గోనెపట్టా కట్టాం. బానలో మిగిలిన రొయ్యల్ని భయపడుతూనే వదిలాను. బతికాయి. కొన్నాళ్ళకు ఒకదాని పొట్ట కింద ఆకుపచ్చ గుడ్లు కనిపించాయి. పిల్లలు కేకలు పెట్టి బడంతా ఏకం చేశారు.

మొన్న ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చింది. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది. "ఎవరమ్మా దీన్ని సాకేది?" అంది. నేనే అన్నాను. రెండుసార్లు చంపిన సంగతీ, ఎందుకు చచ్చాయో కూడా చెప్పేశాను. పెద్ద టీచరమ్మ వెనక నుంచి నా కొంగు లాగుతూనే ఉంది. ఆవిడ అంతా విని, పోతూ పోతూ పెద్ద టీచరమ్మతో, "ఈ పిల్లను యాడికీ పంపొద్దండి" అంది. సెలవుల తరువాత పోస్టు నాకే ఖాయమని పెద్ద టీచరమ్మ నిన్న చెప్పింది.

అన్నయ్యా, నీతో దాపరికం ఎందుకు? ఖాయం కాకపోయినా నేను వచ్చేదాన్ని కాదు. వేరే ఊళ్ళో బడి వెతుక్కునేదాన్ని. ఆయన పోయిన తరువాత నీ ఇంట్లో నాకు ఏ లోటూ చేయలేదు. వదిన ఒక్క మాట అనలేదు. అయినా ఏ గదిలో కూర్చోవాలో తెలియక వంటింట్లోనే ఉండిపోయేదాన్ని. ఇక్కడ సాయంత్రాలు ఒంటరితనం ఉన్న మాట నిజమే. మీరంతా గుర్తొస్తారు. కాసేపు తొట్టి దగ్గర కూర్చుంటాను, తరువాత పొయ్యి రాజేసుకుంటాను. తిండికి బెంగ వద్దు. సంగటి కూడా ఉండలు కట్టకుండా కెలకడం నేర్చుకున్నాను. దిగులు పడొద్దు, బాగున్నాను.

వదిన చేతి కందిపొడి కొంచెం, మన స్వర్ణముఖి ఏటి గరుకు ఇసుక ఒక చిన్న సంచీ కావాలి. ఇక్కడి ఇసుక మరీ మెత్తగా ఉంది, మొక్కల వేళ్ళు నిలవడం లేదు. అమ్మ పాదాలకు నా దండాలు. వదినను అడిగానని చెప్పు, పిల్లలకు నా ముద్దులు.

సెలవులకు వస్తానన్నావు కదా, తప్పకుండా రా. అమ్మనూ తీసుకొని రా. తిరిగి వెళ్ళేటప్పుడు మీ ఇద్దరికే టికెట్లు తీసుకో. అత్తవారింట్లో వండాను, నీ ఇంట్లో వండాను. నా ఇంటికి మిమ్మల్ని పిలిచి, ఆకులు వేసి, ఇంకొంచెం వేసుకోండి అని బలవంతపెట్టే భాగ్యం నాకు ఇంతవరకూ లేదు అన్నయ్యా. ఒక్కపూట నా ఇంట్లో అన్నం తిని పోండి.

మీ దీవెనలు కోరే,
జ్ఞానాంబ